మా రోజుల్లో మంత్రి కుర్చీ దిగేవాడు

మంత్రి రాజీనామా చేశాడని వింటే ఇప్పటి పిల్లలు ముందు అడిగేది ‘ఏ కేసులో?’ అని. కేసు కాకపోతే పైవాళ్లు దించేసి ఉండాలి, అదీ కాకపోతే పక్క పార్టీలో ఇంకా పెద్ద పదవి ఖాయమై ఉండాలి. మాట కోసం కుర్చీ వదిలిన మనిషిని వాళ్లు చూడలేదు. చూడనిదాన్ని నమ్మమంటే ఎలా నమ్ముతారు? మేం చూశాం. చూసినవాళ్లం ఒక్కొక్కరం రాలిపోతున్నాం కాబట్టి ఉన్నంతలో చెప్పేసి పోవాలని నా ఆరాటం.

ఆ మనిషి ఎక్కడో పుట్టినవాడు కాదు, మా గంజాంవాడే. వరాహగిరి వెంకటగిరి. 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. ఖల్లికోట కాలేజీలో చదివారు. కేంద్ర కార్మికమంత్రిగా ఉండగా బ్యాంకు గుమాస్తాల జీతాల కోసం 1954లో పదవి వదిలేసి ఇంటికి వచ్చేశారు. ఆ తర్వాత రాష్ట్రపతి అయ్యారని అందరికీ తెలుసు. నా లెక్కలో మాత్రం ఆ రాజీనామా ముందు రాష్ట్రపతి పదవి చిన్నది.

మాది చమఖండి. ఛత్రపురానికీ బరంపురానికీ మధ్య, మద్రాసు నుంచి హౌరా వెళ్లే రైలు మార్గం మీద ఉన్న ఊరు. మొగలి డొంకలు, సరుగుడు తోటలు, ఆవల సముద్రం. ఈ లైను అప్పట్లో బెంగాల్ నాగపూర్ రైల్వేది, అందరూ బీఎన్నార్ అనేవారు. మా నాన్న అందులో పాయింట్స్‌మన్. వానైనా ఎండైనా లాంతరు పట్టుకుని పట్టాల మీద నిలబడిన మనిషి. ఆయన ట్రంకుపెట్టెలో పెళ్లిపత్రికతో పాటు ఒక కాయితాల కట్ట ఉండేది. పసుపుపచ్చగా మారిపోయిన యూనియన్ చందా రసీదులవి. అణాల్లో కట్టిన చందా. వాటిని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. ‘జీతం కంపెనీ ఇచ్చింది, పరువు ఇవి ఇచ్చాయిరా’ అనేవారు. గిరిగారి పేరు నేను మొదట విన్నది పాఠ్యపుస్తకంలో కాదు, ఆ రసీదుల కథల్లో.

ఇప్పుడు మా వీధిలో ఏ పిల్లాణ్నయినా బరంపురంలో గిరి రోడ్డు ఎక్కడని అడగండి, ఠక్కున చెప్తాడు. బట్టలకొట్లు, బంగారం కొట్లు, పండగ రోజుల్లో అడుగు పెట్టే సందుండదు. ఆ గిరి ఎవరని అడిగితే తెల్లమొహం వేస్తాడు. పిల్లల్ని అనడం దండగ. వాళ్లకు చెప్పాల్సిన తల్లిదండ్రులకే తెలియదు.

కుర్రాడిగా ఆయన్ని తండ్రి జోగయ్య పంతులుగారు లా చదవమని 1913లో ఐర్లండు పంపారు. జోగయ్యగారు పేరున్న వకీలు, తర్వాత స్వరాజ్య పార్టీ తరఫున ఢిల్లీలోని కేంద్ర శాసనసభకు వెళ్లినవారు. కొడుకు డబ్లిన్‌లో లా పుస్తకాలతో పాటు ఇంకా చాలా చదువుకున్నాడు. ఐరిష్ వాళ్లు ఇంగ్లీషువాడి మీద తిరగబడటానికి సిద్ధమవుతున్న రోజులవి. అక్కడ కార్మికులను కూడగడుతున్న జేమ్స్ కానలీ ప్రభావం ఈయన మీద గట్టిగా పడింది. 1914లో లండన్‌లో గాంధీగారిని కలిశారు. 1916 ఈస్టరు తిరుగుబాటు అయిపోయాక పోలీసుల కన్ను పడి దేశం విడిచి పొమ్మన్నారు. బరంపురం వచ్చి వకీలు పని మొదలుపెట్టి, గాంధీగారు పిలిచేసరికి దాన్నీ వదిలేసి, 1922లో కల్లుదుకాణాల ముందు పికెటింగ్ చేసి జైలుకు వెళ్లారు.

మా రోజుల్లో సీమకు వెళ్లిన కొడుకు ఇలా తిరిగొచ్చేవాడు. ఇప్పుడూ పిల్లలు డబ్లిన్ వెళ్తున్నారు, మా బంధువుల్లోనే ఉన్నారు. మంచి జీతాలు, సంతోషం. కానీ వాళ్లున్న దేశంలో కూలివాడు ఎలా బతుకుతున్నాడు, మన ఊళ్లో ఎలా బతుకుతున్నాడు అని పోల్చి చూసి ఫోనులో ఒక్క ముక్క చెప్పినవాడు నాకింతవరకు తగల్లేదు. ఇంటి వాయిదా, కారు రంగు, అక్కడి చలి. మాటలన్నీ వీటి చుట్టూనే.

గిరిగారు ఆ పోలిక చూసుకుని వచ్చి రైలు కార్మికుల మధ్య కూర్చున్నారు. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ పెట్టినవారిలో ఆయనొకరు. కార్మిక సంఘాల సమాఖ్య ఏఐటీయూసీకి 1926లో ఒకసారి, 1942లో మరోసారి అధ్యక్షులయ్యారు. 1927లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సదస్సుకు భారత కార్మికుల తరఫున వెళ్లారు. మా నాన్న తరం వాళ్లు చెప్పుకున్నది మాత్రం జెనీవా గురించి కాదు, ఖరగ్‌పూర్ గురించి. అక్కడి బీఎన్నార్ వర్క్‌షాపులో కంపెనీ మనుషుల్ని తీసేస్తానంది. సమ్మె లేచింది. తీసేసినవాళ్ల హక్కుల కోసం 1928లో గిరిగారు నడిపిన పోరాటానికి కంపెనీ దిగివచ్చింది. రాయి విసరలేదు, పట్టా పీకలేదు. చమఖండి లాంటి చిన్న స్టేషన్లలో లాంతర్లు తుడుచుకునే మనుషులకు కూడా అప్పుడే తెలిసింది, తాము నలుగురూ కలిసి నోరు విప్పితే కలకత్తాలో ఉన్న దొర వింటాడని.

ఇప్పటి సమ్మెలంటే బస్సు అద్దాలు పగలడం, టీవీలో ఒకరి మీద ఒకరు అరుచుకోవడం, సాయంత్రానికి నాయకుడు లోపలికెళ్లి తన పని చూసుకుని బయటికి రావడం. అందరూ అలా అని అనను. కానీ చందా రసీదు దాచుకునే సభ్యుడూ లేడు, దాచుకోవాలనిపించే యూనియనూ నాకు కనబడదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం వచ్చింది. బరంపురం, ఛత్రపురం, మా చమఖండి అటు వెళ్లాయి. టెక్కలి, పలాస వైపు మద్రాసులో ఉండిపోయాయి. ఇళ్లు ఇక్కడ, చుట్టాలు అక్కడ. గిరిగారు పుట్టిన ఊరు ఒక రాష్ట్రం, రాజకీయం ఇంకో రాష్ట్రం అయ్యాయి. మరుసటేడు ఎన్నికల్లో ఆయన బొబ్బిలిలో నిలబడ్డారు. ఎదుట ఉన్నది ఎవరు? సాక్షాత్తు బొబ్బిలి రాజా, అప్పటి మద్రాసు ప్రధాని. రాజాగారి సొంత గడ్డ మీద రాజాగారిని ఓడించారు. ఏనుగెక్కి తిరిగేవాడిని కాలినడకన వచ్చినవాడు గెలిచాడని మా పెద్దలు చెప్పుకుని మురిసిపోయేవారు. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు ఇచ్చారు. 1939లో యుద్ధం పేరుతో కాంగ్రెసు మంత్రివర్గాలన్నీ దిగిపోయినప్పుడు ఆయనా దిగారు. తర్వాత జైలు. క్విట్ ఇండియాలో మళ్లీ జైలు, ఈసారి 1945 దాకా. 1946లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వంలో మళ్లీ మంత్రి. స్వాతంత్ర్యం వచ్చాక సిలోనులో హైకమిషనర్. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి నెహ్రూ ప్రభుత్వంలో కార్మికమంత్రి.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ ముక్కే ఇప్పుడెవరూ చెప్పడం లేదు.

గిరిగారికి ట్రైబ్యునళ్లంటే పడేది కాదు. యజమానీ కార్మికుడూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి, ప్రతి తగాదా కోర్టుకెక్కితే ఫ్యాక్టరీలో పగలు మిగులుతాయి తప్ప పని నడవదు అనేది ఆయన నమ్మకం. ‘గిరి పద్ధతి’ అని దానికి పేరు కూడా వచ్చింది. అలాంటి మనిషి ఒక ట్రైబ్యునల్ తీర్పు కోసమే రాజీనామా చేశారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల తగాదా ఏళ్ల తరబడి నలిగి, 1953లో శాస్త్రి ట్రైబ్యునల్ దగ్గర తేలింది. అప్పీలుకు వెళ్తే 1954లో లేబర్ అప్పిలేట్ ట్రైబ్యునల్ ఉద్యోగులకు మరికొంత మేలు చేసింది. బ్యాంకుల యజమానులు మోయలేమన్నారు. ప్రభుత్వం ఆ తీర్పును కత్తిరించి అమలు చేయడానికి పూనుకుంది. కార్మికమంత్రికి అది మింగుడుపడలేదు. సమ్మె చేయొద్దు, చట్టం దగ్గరికి రండి అని కార్మికుడికి చెప్పేది మనమే. వాడు వచ్చాడు, తీర్పు వాడి వైపు వచ్చింది. ఇప్పుడు ఆ తీర్పునే మనం కోసేస్తే రేపు ఏ మొహం పెట్టుకుని వాణ్ని చట్టం దగ్గరికి రమ్మంటాం? నాకు అర్థమైనంతలో ఆయన బాధ ఇదే. పదవి వదిలేశారు. ప్రభుత్వం ఆ తర్వాత కమిషన్ వేసింది, గజేంద్రగడ్కర్‌గారి నివేదిక వచ్చింది, 1955లో చట్టం చేశారు.

అది ఒంటరి సంగతి కూడా కాదు, ఆ కాలం గాలే అలా ఉండేది. 1956లో ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ బొంబాయి నగరం విషయంలో ప్రభుత్వంతో పడక రాజీనామా చేశారు. అదే ఏడాది మహబూబ్‌నగర్ దగ్గర రైలు ప్రమాదం జరిగితే రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు దిగిపోతానన్నారు, నెహ్రూ వద్దన్నారు. కొద్ది నెలలకే అరియలూరులో మరో ప్రమాదం. ఈసారి ఎవరు ఆపినా ఆగలేదు. రెండేళ్ల పైచిలుకు కాలంలో ముగ్గురు మంత్రులు, ముగ్గురూ డబ్బు మరకలేనివారు, ముగ్గురూ తమంతట తామే వెళ్లిపోయారు. ఇప్పుడు ఎన్ని రైళ్లు పట్టాలు తప్పినా, ఎంతమంది పోయినా, మంత్రిగారు తెల్లచొక్కాతో చోటు చూడటానికి వచ్చి, కెమెరాలకు కనబడి, వచ్చిన విమానంలోనే వెళ్లిపోతారు. 2023 జూన్‌లో బాలాసోర్ దగ్గర బహనగాలో ఏం జరిగిందో మా లైను మీద బతికే మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. 290 మందికి పైగా పోయారు. ఏ కుర్చీ కదిలింది?

ఓడిపోవడం కూడా తెలిసిన మనిషి గిరిగారు. 1957లో పార్వతీపురంలో నిలబడ్డారు. అప్పట్లో కొన్నిచోట్ల ఒకే నియోజకవర్గంలో రెండు సీట్లుండేవి, ఒకటి జనరల్, ఒకటి గిరిజనులకు రిజర్వు. లెక్క తేలేసరికి రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులకే వెళ్లాయి. ఒక సీటు రిజర్వు, రెండోదానిలో గిరిజనుడైన దిప్పల సూరి దొరకు ఈయన కన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి. గిరిగారు కోర్టుకు వెళ్లారు. సుప్రీంకోర్టు దాకా నడిచింది. గిరిజనుడు జనరల్ సీటు గెలవకూడదని ఎక్కడా లేదని 1959లో తీర్పు చెప్పారు. ఈ విషయంలో నేను సూరి దొర వైపే. గిరిగారు ఆ కేసు వేయకుండా ఉంటే ఇంకా బాగుండేది. అయినా తీర్పు వచ్చాక ఓట్లు దొంగిలించారనీ జడ్జిలు అమ్ముడుపోయారనీ ఆయన ఊరేగలేదు. ఆ కేసు పేరు ఇప్పటికీ లా పుస్తకాల్లో ఆయన పేరు మీదే ఉంది, ఓడిపోయిన కేసు.

ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరుగిరీలు, 1967లో ఉపరాష్ట్రపతి పదవి, ఇవి పుస్తకాల్లో ఉంటాయి. నేను కళ్లారా చూసింది 1969.

అప్పటికి నేను బ్యాంకులో గుమాస్తాని. 1954లో ఆయన ఎవరి కోసం కుర్చీ వదిలారో ఆ కులమే నాది. ఆ జీతాల లెక్కల మీదే నా మొదటి జీతమూ కట్టారు. జాకిర్ హుసేన్‌గారు మే నెలలో పోయాక గిరిగారు తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్నారు. జులై 19, శనివారం. 14 బ్యాంకులను జాతీయం చేస్తున్నట్టు ఆర్డినెన్సు వచ్చింది. సంతకం గిరిగారిది. మరునాడే ఆయన ఆ పదవి కూడా వదిలేసి రాష్ట్రపతి ఎన్నికకు స్వతంత్రంగా దిగారు. బ్యాంకు గుమాస్తాల కోసం ఒకసారి కుర్చీ వదిలిన మనిషే, పదిహేనేళ్ల తర్వాత ఆ బ్యాంకులనే సర్కారు చేతిలో పెట్టే కాయితం మీద సంతకం చేశారు. సోమవారం మా శాఖలో ఫైలు తెరిచినవాడు లేడు. పాత గుమాస్తా ఒకాయన మేనేజరు గది ముందు నిలబడి ఏడ్చేశాడు. ఆయన యూనియన్ పనిచేసినందుకు ఎన్నో బదిలీలు తిన్నవాడు.

ఎన్నిక మాత్రం మా ఇళ్లలో పెద్ద గొడవ పెట్టింది. ఒకవైపు గిరిగారు, ఇంకోవైపు నీలం సంజీవరెడ్డిగారు. ఇద్దరూ తెలుగువాళ్లే. మూడో అభ్యర్థి ఆ దేశ్‌ముఖ్‌గారే. మొదటి లెక్కలో ఎవరికీ సగం దాటలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపితే గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427. రేడియో చుట్టూ మూగిన మా వీధి రెండుగా చీలి అరుచుకుంది. మరునాడు మళ్లీ ఒకే పంపు దగ్గర నీళ్లు పట్టుకున్నాం. ఇప్పుడు వార్డు మెంబరు ఎన్నికకే అన్నదమ్ములు మాటలు మానేస్తున్నారు.

ఆ ఎన్నిక మీద కేసు పడింది. రాష్ట్రపతిని కోర్టుకు రమ్మనే హక్కు ఎవరికీ లేదు. ఆయనే వెళ్లారు. 1970లో సుప్రీంకోర్టుకు స్వయంగా వెళ్లి సాక్ష్యం చెప్పారు. అడిగిన ప్రశ్నలకు జవాబిచ్చారు. పదవిలో ఉండగా సాక్షిగా నిలబడిన రాష్ట్రపతి ఆయనొక్కరే. పంచాయతీ పెద్ద కూడా సమన్లు వస్తే గుండెనొప్పి అని ఆసుపత్రిలో చేరే రోజులివి.

మెచ్చుకుంటూనే పోతే మా నాన్న ఆత్మ ఒప్పుకోదు. 1974 మే 8న దేశమంతా రైల్వే సమ్మె మొదలైంది. నడిపింది గిరిగారు పెట్టిన ఆ ఫెడరేషనే, నాయకుడు జార్జ్ ఫెర్నాండెజ్. ప్రభుత్వం ఉక్కుపాదం మోపింది. వేలమందిని జైల్లో పెట్టారు, క్వార్టర్లలోంచి ఆడవాళ్లనూ పిల్లల్నీ సామాన్లతో బయటికి నెట్టారు. 27కల్లా సమ్మె చచ్చిపోయింది. అప్పుడు రాష్ట్రపతి ఎవరు? ఖరగ్‌పూర్ గిరిగారే. మంత్రివర్గం చెప్పినట్టే రాష్ట్రపతి నడవాలని రాజ్యాంగం ఉందని నాకూ తెలుసు. మంత్రివర్గంలో ఉండి 1954లో వద్దన్నట్టు రాష్ట్రపతి భవన్‌లో ఉండి అనలేరనీ తెలుసు. అయినా ఆ మే నెలలో మా నాన్న రోజూ పేపరు తెప్పించుకుని గిరిగారు ఏమన్నారో వెతికేవారు. కళ్లు సరిగా కనబడక నన్ను చదవమనేవారు. ఆయన వెతికింది నాకు ఏ రోజూ దొరకలేదు. దిగడం తెలిసిన మనిషి దిగవలసిన మరో రోజు అది అని నేను ఇప్పటికీ అనుకుంటాను. పెద్దమనిషిని తలుచుకోవడమంటే ఆయన దిగని మెట్టును కూడా చెప్పడమే. మా నాన్న మాత్రం ఒక్క మాట అనలేదు, ఆ రసీదులు పారేయనూ లేదు.

ఇక ఆయన ఇల్లు. ఆయనకూ సరస్వతీబాయిగారికీ పధ్నాలుగుమంది సంతానం. కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం గోడగోడకూ వేసి ఇద్దరో ముగ్గురో చాలంటున్న కాలంలో రాష్ట్రపతికి పధ్నాలుగుమందా అని జనం నవ్వుకునేవారు. నాకు ఆ నవ్వు నచ్చేది కాదు. భర్త ఒక ఊరి జైలు నుంచి ఇంకో ఊరి జైలుకు తిరుగుతుంటే అంతమంది పిల్లల్ని పెట్టుకుని ఇల్లు నడిపిన ఇల్లాలిని చూసి నవ్వుతారా? ఆ ఇంట్లో ఆడవాళ్లు వంటింటికే పరిమితమైనవాళ్లు కాదు. గిరిగారి తల్లి సుభద్రమ్మగారు శాసనోల్లంఘనం రోజుల్లో బరంపురంలో మద్యనిషేధం కోసం పోరాడి అరెస్టయ్యారు. కోడలు మోహినీ గిరి 1972లో యుద్ధంలో భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ల కోసం సంఘం పెట్టారు, జాతీయ మహిళా కమిషన్‌కు అధ్యక్షురాలయ్యారు, 2023లో పోయారు. మూడు తరాల ఆడవాళ్లు. మా రోజుల్లో కుటుంబం అంటే అది. నాయకుడి ఇల్లంటే ఇప్పుడు భార్య పేరున భూమి, బావమరిది పేరున కాంట్రాక్టు, కొడుకు పేరున టికెట్టు. గిరిగారి కుమారుడు శంకర్ గిరి కూడా 1971లో మధ్యప్రదేశ్‌లోని దమోహ్ నుంచి లోక్‌సభకు గెలిచారు, తండ్రి రాష్ట్రపతిగా ఉండగానే. అది నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

1975లో భారతరత్న ఇచ్చారు. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. ఆయన పేరున నోయిడాలో జాతీయ కార్మిక సంస్థ ఉంది.

ఆయన పుట్టిన జిల్లాలో కార్మికుడి సంగతి ఎలా ఉందో కూడా చెప్తాను. మా వీధి చివరింటి కుర్రాడు సూరత్ నుంచి ఠాకూరాణి జాతరకు వచ్చాడు. పిలిచి అరుగు మీద కూర్చోబెట్టాను.

‘ఏటి పనిరా అక్కడ?’

‘మగ్గం తాతా. కరెంటు మగ్గం.’

‘ఎన్ని గంటలు?’

‘పన్నెండు. కొన్నాళ్లు పగలు, కొన్నాళ్లు రాత్రి.’

‘జీతం ఎంత?’

‘జీతం కాదు తాతా, మీటరు లెక్క. ఎంత నేస్తే అంత.’

‘కాయితం ఏదైనా ఇస్తారా?’

‘సేటు దగ్గర చిట్టీ ఉంటది.’

‘యూనియన్?’

‘ఆ మాటెత్తితే తెల్లారేసరికి లెక్క కట్టి పంపేస్తాడు.’

గట్టిగా మాట్లాడితే తప్ప వాడికి వినబడటం లేదు. మగ్గాల రొదకి చెవులు పోయాయి. వయసు ముప్పై దాటలేదు. పగలు వీడు పడుకునే పక్క మీద రాత్రి ఇంకొకడు పడుకుంటాడట. గంజాం నుంచి సూరత్ మగ్గాలకు ఇలా వెళ్లినవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఒడియావాళ్లూ తెలుగువాళ్లూ అని తేడా లేదు. 2020 మే నెలలో లాక్‌డౌన్ అప్పుడు సూరత్ నుంచి శ్రామిక రైళ్లు మా పక్కనున్న జగన్నాథపూర్ స్టేషన్‌లోనే ఆగాయి. ముక్కుకు గుడ్డ కట్టుకుని వరసగా దిగుతున్న ఆ పిల్లల్ని చూసి, ఇంతమంది మన ఊళ్లు వదిలిపోయారా అని దేశం ఆశ్చర్యపోయింది. ఆ తర్వాత మర్చిపోయింది. మళ్లీ అవే రైళ్లెక్కి వాళ్లు వెళ్లిపోయారు. ‘కోట్లమందికి ఉద్యోగాలు’ అన్న మాట మీద రాష్ట్రపతిగా ఉండగా పుస్తకమే రాసిన మనిషి పుట్టిన జిల్లా ఇది.

వలస కూలీల కోసం చట్టం లేక కాదు. అడ్వాన్సు తీసుకుని వలసపోయే దాదన్ కూలీల కోసం మా ఒడిశాలోనే 1975లో చట్టం చేశారు. దాన్ని చూసే 1979లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. ఇప్పుడు అదీ ఇంకొన్నీ కలిపి 29 కార్మిక చట్టాలను నాలుగు కోడ్‌లు చేశారు. సమ్మె చేయాలంటే 14 రోజుల ముందు నోటీసివ్వాలట. నోటీసివ్వడానికి ముందు యూనియన్ ఉండాలి కదా, యూనియన్‌కు ముందు వాడు ఫలానా చోట పనిచేస్తున్నాడని ఒక కాయితం ఉండాలి కదా. ఆ కాయితమే లేనివాడికి కోడ్‌లెందుకు?

మా రోజుల్లో చదువుకున్నవాడు చదువులేనివాడి దగ్గరికి వెళ్లేవాడు. డబ్లిన్‌లో లా చదివినవాడు ఖరగ్‌పూర్‌లో ఫిట్టర్ల మధ్య కూర్చున్నాడు. అందుకే మా నాన్నకు పెన్షన్ వచ్చింది, నాకూ వస్తోంది. ఛత్రపురం నుంచి బరంపురం దాకా బ్యాంకుల్లో, రైల్వేల్లో, టెలిఫోన్లలో పనిచేసి రిటైరైనవాళ్లం వీధికి పదిమంది ఉన్నాం. పొద్దున్నే నడుస్తాం, మోకాళ్ల గురించి మాట్లాడుకుంటాం, డీఏ ఎంత పెరిగిందో లెక్కలేసుకుంటాం. మన చేతిలో పడుతున్న ఆ డబ్బు ఎవరో మన కోసం కూర్చుని కొట్లాడితే వచ్చింది. ఆ రుణం తీర్చుకోవాలని ఎవరికైనా ఉంటే ఈ ఆగస్టు 10న గిరిగారి ఫొటోకు దండ వేసి ఇంటికి పోకండి. సెలవుకు వచ్చిన సూరత్ పిల్లల్ని మీ అరుగు మీదికి పిలవండి. హాజరు ఎలా రాసుకోవాలో, పీఎఫ్ నంబరు ఎలా అడగాలో, మీటరు లెక్క తేడా వస్తే ఏ ఆఫీసులో అర్జీ పెట్టాలో చెప్పండి. అర్జీ రాయడం వాళ్లకు రాకపోతే మీరే రాసి పెట్టండి. మీకు వచ్చిన పనే అది.